పదకొండు తట్టలు

టీసీ రాస్తా ఎర్రిస్వామి సారు
పెన్ను రెండుసార్లు విదిలించినాడు.
సిరా లేక కాదు.
"నువ్వు గూడానా మాబున్నీ" అన్న్యాడు.
అంతే, ఇంకో మాట లేదు.
గుంతకల్లులో ఆయప్ప పిల్లోళ్ళు ఎక్కేది గూడా
ఇట్లాంటి పచ్చ బస్సే మరి.

ఈ బడి గోడకానుకోని వండబట్టి తొమ్మిదేండ్లాయె.
ఊర్లో ఎవురికీ తెలీని సంగతులు
పొయ్యికాడ కూసున్నోళ్ళకి తెలుస్తాయి.
సారు ఉరవకొండకు మీటింగు పోయిన దినాలు
ఒక చేత్తో పప్పు తిప్పుతా
ఇంకో చేత్తో ఒకటో తరగతి పలకలు చూసినదాన్ని నేనే.
నాకు 'అ' తెలుసు, 'ఆ' తెలుసు.
ఆ యవతల ఏమి రాసి చూపిచ్చినా
బాగుందని తలూపితి.
ఒకనాడు నా బిడ్డ పలకకు గూడా అట్లే తలూపితి.
ఆ రాత్రి నిద్దర పట్టలే.

ఆయప్పను తప్పుపట్టను.
ఎవురి నాయన తాగొచ్చి కొట్టినాడో,
ఎవురు పొద్దున ఏమీ తినకుండా వచ్చినారో
మొగం చూసి చెప్తాడు.
కానీ అయిదు తరగతులకు ఒక్కడే,
గుడ్డుకు ఫోటో, బియ్యానికి ఫోటో, కక్కసుకు ఫోటో.
సగం పొద్దు సెల్లుకే పాఠం చెప్పినట్టుంటాది.

రెండు పొట్టేళ్ళు సంతకు పోయినాయి.
ఒకటి బస్సుకు,
ఇంకోటి బూట్లకు, టైకి, పుస్తకాలకు.
కౌంటరుకాడ ఏసీలో కూసున్న పాప
వన్నూర్బీ అంటే తికమకపడి
'వి' ఇంటిపేరనుకోని చుక్క పెట్టి
'నూర్' అని రాసింది.
మా అత్త పేరది.
వన్నూరుసామికి మొక్కుకోని పెట్టుకొన్న పేరు.
దిద్దమందామనుకొంటి.
దిద్దాలంటే ఇంకో ఫారం, ఇంకో యాభై.
గమ్మునొస్తి.

ఏడున్నరకే బస్సు.
గాలిమరల కింద దుమ్ము లేపుకుంటా
మలుపు తిరిగిపాయె.
కిటికీలో బిడ్డ చెయ్యూపిందో, జడ సరిచేసుకొనిందో
కనపడలే.
నేను బడికి పోయి
పదకొండు తట్టలు కడిగితి.
పదికి తక్కువైతే
ఈ బడిని పక్కూరి బడిలో కలుపుతారని మాట.
ఇంకిద్దరు.
ఆ లెక్క నాకు వచ్చు, సంగటి ముద్దల లెక్కేగదా.
నా పొయ్యిలో మొదటి చెంబు నీళ్ళు
నేనే పోసుకొంటినేమో.

సాయంత్రం బిడ్డ వచ్చె.
బాక్సులో సగం చిత్రాన్నం అట్లే ఉండాది.
చేత్తో తింటే నవ్విరంట.
బూట్లు ఇప్పుతా ఇప్పుతా చెప్పె:
"మీ యమ్మ ఏం చేస్తాదని మిస్సు అడిగింది మా.
ఇస్కూల్లో పని చేస్తాదని చెప్తి."
ఏం పనని ఆ మిస్సు అడగలేదంట.
బిడ్డా చెప్పలేదంట.

మిగిలిన చిత్రాన్నం
వాకిట్లో నిలబడుకొని నేనే తింటి.
ఉప్పు కొంచిం తక్కువైంది.
రేపు చూసి ఎయ్యల్ల.
స్పూనొకటి కొనల్ల.