మాసిక గురించి ఒక ముక్క

గికోంబా బజార్లో తెల్లారకముందే మూటలు విప్పుతారు.
ఇనుప పట్టీ తెగిన చప్పుడుకే
జనం మీద పడతారు.
మొదట ఏరుకున్న మంచి బట్టలకి ఇక్కడ పేరు కెమెరా.
చివర్లో చీపురుకి మిగిలేవి ఫగియా.
ఈ రెండు మాటల మధ్యే
మా అమ్మ నన్నూ తమ్ముణ్ణీ చదివించింది.

ఇప్పుడు నిజం కెమెరా కూడా కావాలట.
బట్ట తొడిగి, ఫొటో తీసి,
కింద నాలుగు మాటలు రాయకపోతే
నైరోబీలో ఎవరి బొటనవేలూ ఆగదట.

అందుకని ఆదివారాలు వంజా దగ్గరికి వెళ్తున్నాను.
పెళ్లికూతుళ్లకీ, టీవీలో వార్తలు చదివేవాళ్లకీ
ఏ చొక్కా మీదికి ఏ గొలుసో చెప్పే మనిషి.
ఒక చెవికే లోలాకు పెట్టుకుంటుంది.
రెండోది ఏ మటాటు బస్సులోనో జారిపోయింది;
పోయిందని ఎవరికీ చెప్పకపోవడమే
ఆరేళ్లుగా ఆమె స్టైల్.

మొదటి వారం నేను రాసింది:
"అద్భుతమైన కోటు! అదిరిపోయే లుక్! త్వరపడండి!"
వంజా టీ ఊదుకుంటూ చదివి
"కోటు ఏ రంగు?" అంది.
చెప్పాను.
"మరి రాయలేదే. అద్భుతం ఏ రంగులో ఉంటుంది?"

రెండో వారం రంగు రాశాను,
తడిసిన ఇటుక రంగు అని.
"ఎవరు తొడుక్కుంటారు?"
"ఎవరైనా."
"ఎవరైనా అనే మనిషి
నా గుమ్మం ఇంతవరకూ తొక్కలేదు."

మూడో వారం హ్యాష్‌ట్యాగులు గుత్తులుగా వేలాడదీశాను.
ఆమె ఒక్కొక్కటే పాత కుట్టు విప్పినట్టు పీకేసింది.
నేను ఏడ్చాను కాస్త.
ఆమె ఓదార్చలేదు, కొలత టేపు చేతికిచ్చింది.
"భుజం దగ్గర భుజం అను.
వదులుంటే వదులను.
మాటకి కూడా సైజు ఉంటుంది, నఫులా."

జులై చలిలో ఒక బూడిద రంగు ఉన్ని కోటు దిగింది.
కుడి మోచేతికి మాసిక.
దారం వంకాయ రంగు.
కలవదని తెలిసే కుట్టినట్టున్నారు,
అంత చిన్న చిన్న కుట్లు, చీమల బారులాగ.
"ఆ చెయ్యి వెనక్కి పెట్టి ఫొటో తియ్యి," అంది అమ్మ.
అమ్మ మాటా సబబే.
కొట్టు అద్దె ఒకటో తారీకున
మొహమాటం లేకుండా వస్తుంది.

నేను మూట మీద కూర్చుని రాశాను.
కొట్టేశాను. మళ్లీ రాశాను.
ఎండ పైకప్పు రేకు దాటి నా మోకాలి మీదికొచ్చింది.
చివరికి తేలింది ఇది:

"కుడిచేత్తో ఎక్కువ పని చేసే మనిషి కోటు.
మోచేతి దగ్గర ఎవరో వంకాయ రంగు దారంతో బాగుచేశారు.
దాచకండి, బల్ల మీద మోచెయ్యి ఆనించి కూర్చోండి.
లోపల సాదా నల్లది ఏదైనా చాలు.
చలి ఆగుతుంది. తక్కినది మీ ఇష్టం."

నాకే నచ్చి తలెత్తేసరికి
హ్యాంగర్ ఖాళీగా ఊగుతోంది.
అమ్మ నోట్లు లెక్కపెడుతోంది.
బోడా బండి నడిపే కుర్రాడట.
మాసిక వంక చూడనైనా లేదు,
జేబులో చెయ్యి పెట్టి లోతు చూసుకున్నాడు,
బేరం కూడా ఆడలేదు.

అయిదు వాక్యాలు మిగిలాయి నాకు, కోటు లేకుండా.

వంజాకి చూపించాను.
రెండుసార్లు చదివింది. లోలాకు తడుముకుంది.
"జేబుల సంగతి రాయలేదు నువ్వు."

మొన్న జోగూ రోడ్డు మీద, ఎర్ర దీపం దగ్గర,
పొగలో, హారన్లలో, అతనే.
దీపం మారగానే కుడి మణికట్టు తిప్పి
బండిని ముందుకి ఉరికించాడు.
మోచెయ్యి వంగింది;
వంకాయ రంగు చీమలు ఒక్క క్షణం ఎండలోకొచ్చి
లారీ వెనక్కి పోయాయి.
ఫోన్ సంచీలోనే ఉంది.
తీసినా అందేది కాదు.

ఇవాళ కొత్త మూట.
మొట్టమొదటి జాకెట్ లాగి
రంగు చూడకముందే జేబులో చెయ్యి పెట్టాను.
వేళ్లు అవతలికి వచ్చేశాయి.

అదే ముందు రాశాను.