పదకొండో వరుస

లైబ్రరీ ఏడున్నరకి మూస్తారు.
వైఫై మాత్రం గోడ దాటి
మూడో మెట్టు దాకా వస్తుంది.
ఆ సంగతి కాపలాదారుకీ మాకూ తప్ప
ఉలాన్‌బాతర్‌లో ఎవరికీ తెలీదు.

మైనస్ ఇరవై ఎనిమిది.
ల్యాప్‌టాప్‌ని కోటు లోపల పొదుగుతూ
సెవ్‌జిద్ అక్క మెట్టు మీద కూర్చుంది.
పొగ వాసన
మాడిన పెనంలా నాలుక మీద.

అర్ధరాత్రికి గడువు.
డబ్బిచ్చే సంస్థ ఎక్కడో ఉంది, సముద్రమున్న దేశంలో.
దాతల జాబితాలో నాలుగు వందల పేర్లు వడపోస్తే
జల్లెడలో మిగిలింది ఇదొక్కటే.
"చిన్న సంస్థలు కూడా అర్హులే" అని రాసుంది.
ఆ "కూడా" మీద అక్క
చాలాసేపు వేలు పెట్టి ఉంచింది.

మేం అడిగేది పెద్దదేం కాదు.
కొండ వాలులో గుండ్రటి గెర్ ఇళ్లకి
ఇంకో పొర ఒత్తిన ఉన్ని,
తలుపు సందుకి ఓ పట్టీ.
వెచ్చదనం నిలిస్తే బొగ్గు తగ్గుతుంది,
బొగ్గు తగ్గితే దగ్గు తగ్గుతుంది.
పిల్లలకి తెలిసిన లెక్కే.
ఫారానికి తెలీదు.
అది అడిగింది: ఆధారం?
రెండు వందల యాభై అక్షరాలకి మించకుండా.

అక్క దగ్గర ఆధారం ఉంది.
నీలం అట్ట నోటుబుక్కు.
మూడు శీతాకాలాలు కిండర్‌గార్టెన్ గుమ్మంలో నిలబడి
బూట్లు విప్పుకునే పిల్లల్ని లెక్కపెట్టింది.
దగ్గితే ఒక గీత.
దగ్గి అక్కడే కూలబడితే అడ్డగీత.
అనుజిన్ పేరు పక్కన
ఫిబ్రవరి తర్వాత గీతలు లేవు.
ఎందుకని నేను అడగలేదు.

నోటుబుక్కు చెల్లదట.
అచ్చయిన పరిశోధన కావాలట.

వెతికాం.
ఒక వ్యాసం తెరవాలంటే ముప్పై తొమ్మిది డాలర్లు.
"ఒక తలుపు సందు మూసుకుపోతుంది ఆ డబ్బుతో"
అని నవ్వింది అక్క, ఆవిరిగా.
ఉచితంగా చదవనిచ్చే చోటు ఇంకొకటి,
దానిలోంచి మరొకటి,
బ్యాటరీ పంతొమ్మిది శాతం.
తొమ్మిదిన్నరకి దొరికింది.
నలభై ఒక్క పేజీలు. మూడో పట్టిక. పదకొండో వరుస:
కొండవాలు కిండర్‌గార్టెన్, జనవరి,
నూట నలభై మందిలో అరవై మూడు.

అరవై మూడు, అంది అక్క.
మళ్లీ అంది,
ఎవరి ఇంటి నంబరో గుర్తొచ్చినట్టు.
చేతితొడుగు పళ్లతో లాగి
నోటుబుక్కు తిరగేసింది.
అరవై మూడు.
సూపు మరక కింద.

ఆ ఏడు ఇద్దరొచ్చారట.
మర్యాదస్తులే.
ఉప్పు టీ తాగి, పేజీలు ఫోటో తీసుకుని,
పిల్లలకి రంగు పెన్సిళ్లిచ్చి వెళ్లారట.
వరుస చివర మూలం అన్నచోట ఉంది:
"స్థానిక సమాచారం."

చేతిలో వెన్న పెట్టుకుని
నెయ్యికి ఊరంతా తిరిగామన్నమాట.
నాకు కోపమొచ్చింది.
అక్కకి రాలేదు,
లేక వచ్చి ఆ చలికి గడ్డకట్టిందో.
"రాయి" అంది.
రాశాను: వాళ్ల ఇంటిపేర్లు, సంవత్సరం, పట్టిక, వరుస.
తన లెక్కకి తానే
పరాయివాళ్లని సాక్ష్యం పిలిచింది.
ఫారం ఆకుపచ్చ టిక్కు పెట్టింది.

ఆరు అక్షరాల చోటు మిగిలింది.
అక్క ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని
మొద్దుబారిన ఒక్క వేలితో కొట్టింది.
అనుజిన్.
ఆ ఫారం లిపిలో సరిగ్గా ఆరు.

"వాళ్లకేం అర్థం కాదక్కా" అన్నాను.

"మూలం" అంది.

పంపేసరికి బ్యాటరీ నాలుగు.
అద్దం వెనక కాపలాదారు
రౌటరు మీద మినుకుమనే దీపం చూపించి
ఇంకా ఆర్పలేదన్నట్టు తలూపాడు.