ఎనభై ఒకటికి ఒకటి

సిరొంచ బడిల ఎనిమిదో తరగతి.
దుర్గే సార్ నాగభీడ్ నుంచి వచ్చినాయన.
ఆయన మరాఠీల చెప్పేది, మేం తెలుగుల ఆలోచించేది.
గురుత్వాకర్షణ అన్న మాట మాత్రం
రెండు దిక్కులా ఒక్కటే.
ఆ దినం అర్థమేందని ఎవ్వరం పక్కోన్ని గెలకలేదు.

నల్లబల్ల ఈ చివర భూమి, ఆ చివర చంద్రుడు.
"నడుమ ఒక రాయి పెడితే
ఎటూ పోకుండ ఆగే జాగ ఎక్కడ?
భూమి ఎనభై ఒకటి, చంద్రుడు ఒకటి."
సుద్దముక్క నా చేతికిచ్చిండు.

నాకు తెలిసిన తూకం ఒక్కటే,
మా బాపు కాంటా.
మిర్చి కల్లంల మూడు గుంజల నడుమ వేలాడే ఇనుప కడ్డీ:
పొట్టి దిక్కు బస్తా, పొడుగు దిక్కు జరిగే గుండు.
బరువుది దగ్గరుండాలె, తేలికది దూరం పోవాలె.
గుండు ఆగిన గీత కాడ బాపు ఊపిరి బిగవట్టి
"లాభం" అని మొదలువెట్టేది,
ఒకటి అని ఎన్నడూ అనడు.

అట్లనే గీసిన.
ఎనభై రెండు పాళ్ళు చేసి
భూమి నుంచి ఒక్క పాలు దూరంల చుక్క.

సార్ తుడిచిండు.
"కాంటా కాదమ్మా ఇది.
దూరం రెండింతలైతే గుంజుడు సగం కాదు, పావు.
మూడింతలైతే తొమ్మిదో వంతు.
తొమ్మిదింతలైతే?"
నఊ నవ్వే ఎక్క్యాఐంశీ, వెనక బల్ల పాడింది.
తొమ్మిది తొమ్ముదులు ఎనభై ఒకటి, నా నోట్ల మెదిలింది.
పది పాళ్ళల్ల తొమ్మిది దాటినంక
చంద్రుని గడప కాడ ఉన్నదట ఆ జాగ.

"మరి సూర్యుడు గుంజడా సార్?" మడావి లచ్చుబాయి లేచింది.
సార్ కిటికీల నుంచి చానాసేపు ప్రాణహిత దిక్కు చూసి
"పరీక్షకు వద్దు" అన్నడు.

పొద్దుగూకినంక రెండు నీళ్ళు కలిసే కాడికి పోయిన.
ఒక దిక్కు తేట, ఒక దిక్కు మట్టి రంగు,
నడుమ సన్నటి గీత.
గీత మీద నా చెప్పు వదిలి చూసిన.
ఏ నీళ్ళూ వద్దనలేదు, ఏ నీళ్ళూ ఆపలేదు.
ఒంటి చెప్పుతోని ఇల్లు చేరితే అవ్వ తిట్టింది.

రాత్రి కల్లంల బాపుకు చెప్పిన.
వరంగల్ల ఒక ధర, నాగపూర్ల ఒక ధర,
లారీ ఎటు తిప్పాల్నో తేలక
మూడొద్దుల సంది బస్తాలు మంచుల ఉన్నయి.
ఘాటుకు దగ్గుకుంట అడిగిండు:
"ఆడ పెట్టిన రాయి ఆడనే ఉంటదా?"
ఉండదు బాపు. వెంట్రుకవాసి జరిగినా
జరిగిన దిక్కే పోయి పడతది.
"గట్లయితే అది జాగ కాదు బిడ్డా, ముల్లు మొన."
తెల్లారి లారీ వరంగల్ పోయింది.
ఆ వారమే నాగపూర్ల ధర పెరిగింది.

ఏండ్లకు, అహేరి కాలేజీల,
ఒక పుస్తకంల కనవడ్డది
సార్ తుడిచేసిన నా చుక్క.
ఎనభై రెండు పాళ్ళల్ల ఒక్క పాలు.
భూమి, చంద్రుడు కలిసి తిరిగేది దాని చుట్టేనట.
చంద్రుని గడప కాడ లేదది,
ఆకాశంలనే లేదు.
మన కాళ్ళ కింద, నేల లోపల,
పదిహేడు వందల కిలోమీటర్ల లోతుల.

బాపుకు ఫోన్ చేసిన.
కరెంటు కాంటాలొచ్చినంక పాతది గోడకు ఆనిచ్చి ఉంటది,
అవ్వ దాని మీద తువ్వాలలు ఆరేస్తది.
చానాసేపు ఏమనలేదు.
"ఎంత లోతన్నవ్?"
మల్ల చెప్పిన.
ఫోన్ పక్కన పెట్టిండు కాని బంద్ చెయ్యలేదు.
తువ్వాలలు తియ్యమని,
నూనె గుడ్డ తెమ్మని
అవ్వను పిలుసుడు ఇనవడ్డది.