తుఫానిచ్చిన బుధవారం

మంగళవారం రాత్రి రూర్కెలా బండి రద్దయింది.
గుణుపూరులోనే ఆపేశారట.
పట్టాల మీద చెట్లు,
మహేంద్రతనయ నిండా ఎర్రనీళ్ళు.
సర్దిన సంచులు గుమ్మంలోనే ఉన్నాయి.
కోడలు సస్మిత వాటి మీదే కూర్చుని
ఫోను నొక్కుతోంది.
"అయ్యో పాపం" అన్నాను పైకి.
లోపల మాత్రం, ఎవరితోనూ అనకండి,
ఊళ్ళ మీద రేకులెగిరిపోతున్న ఆ రాత్రి
నేను గాలికి దణ్ణం పెట్టుకున్నాను.

మనవడి పేరు గుడ్డు.
వాళ్ళవైపు ముద్దుపేరట, నాకేం తెలుసు.
మొదటిసారి విన్నప్పుడు
"ఉడికిందా, ఇంకా పచ్చిదేనా" అని ఈయన అడిగితే
కోడలు మొహం ముడుచుకుంది.
అర్థం తెలిశాక అందరికన్నా ఎక్కువ నవ్వింది.
మనవరాలిని వాళ్ళమ్మ కుని అంటుంది,
నేను కూనా అంటాను.
రెంటికీ పలుకుతుంది.
ఆకలేస్తే పిలవకుండానే పలుకుతుంది.

బుధవారం తెల్లారింది, తెల్లారినట్టు లేదు.
కరెంటు లేదు, కార్టూన్లు లేవు.
పక్కింటి సన్యాసమ్మ రేకు ఒకటి
మా పెరట్లో బోర్లా పడి ఉంది.
అది చూశాక రాత్రి పెట్టిన దణ్ణానికి సిగ్గేసింది.
భానోజీ వెళ్ళి రేకు ఎత్తి ఇచ్చొచ్చాడు.
గుడ్డుగాడు ఇల్లంతా నాలుగుసార్లు తిరిగి
అయిదోసారికి తాత పనిగదిలో పడ్డాడు.

కొమ్ముపని ఆయనది.
గదినిండా వెంట్రుకలు కాలిన వాసన.
పెళ్ళయిన కొత్తలో నేను కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని.
వీడు గుండెలనిండా పీల్చి "బాగుంది" అన్నాడు.
అంతే, మనిషి ఐసైపోయాడు.
సొంత కొడుకుని కూడా ముట్టుకోనివ్వని ఆకురాయి
ఆరేళ్ళ వాడి చేతికిచ్చేశాడు.

"ఆవుకి నొప్పెట్టదా తాతా?"
"బతికున్నదాని కొమ్ము కాదురా.
అది పోయింది, ఇది మిగిలింది."
వాడు కొమ్ముని చెవికి ఆనించుకుని
"లోపల తుఫానుంది" అన్నాడు.
"బయటిది సరిపోలేదూ!" అన్నాడాయన.

బొగ్గుల మీద కొమ్ము మెత్తబడి
వేడి అప్పడంలా ఒంగింది.
కొంగ కావలసింది.
మనవడి రాపిడికి మెడ సగానికి విరిగింది.
"నేను బాతే అనుకున్నాను" అన్నాడు వాడు.
ఈయన కూడా పొద్దున్నుంచీ
బాతే అనుకున్నట్టు తలూపాడు.

మధ్యాహ్నం బొరుగులు కలిపింది సస్మిత,
ఉల్లిపాయ, పచ్చిమిరప, ఆవనూనె.
తొమ్మిదేళ్ళుగా ఆ నూనె ఘాటు నాకు పడదు.
వాన పేరు చెప్పి రెండోసారి వేయించుకున్నాను.
తను చూసింది, ఏమీ అనలేదు,
మూడోసారి తనే వేసింది.

కూన తల నా మోకాళ్ళ మధ్య.
తాత చేసిన కొమ్ముదువ్వెన, సన్నపళ్ళది.
"బడి నుంచి ఏం తెచ్చుకున్నావే?" అంటే
"రెండో ర్యాంకు" అంది.
పేలు చెప్పలేదు.
నేను ఒకటి అంటే తను దుయి అంది,
నేను మూడు, తను చారి.
పదకొండు దగ్గర వేలెత్తాల్సొచ్చింది ఇద్దరికీ,
లెక్క తప్పిందని మళ్ళీ మొదట్నుంచి.
ఆ పదకొండూ ఎప్పుడో చచ్చాయి,
మా లెక్క మాత్రం దీపాలవేళ దాకా సాగింది.

రాత్రి కొవ్వొత్తి ముందు పెడితే
బాతు నీడ గోడ మీద మొసలైంది.
కేకలు, దుప్పట్లు, మళ్ళీ మళ్ళీ మొసలి.
చివరికి గుడ్డు నిద్రపోయాడు
తాత పొట్ట మీద ఒక కాలు వేసి.
కదిలితే లేస్తాడని
ఆయన పెరట్లోకి కూడా వెళ్ళలేదు,
కళ్ళు తెరిచి, బిగదీసుకుని,
చీకట్లో నన్ను చూసి నవ్వుతున్నాడు
లాటరీ తగిలినవాడిలా.

అప్పుడు నా ఫోను వెలిగింది.
రూర్కెలా నుంచి వియ్యపురాలు, ఒడియాలో:
రేపు బండి నడుస్తుందట, పిల్లల్ని పంపించండి,
ఇల్లు బోసిగా ఉంది.
వాన వెలిసింది. చూరు నుంచి ఒక్కో చుక్క.
పర్లాకిమిడి బడిలో ఏడో తరగతి దాకా
ఒడియాలోనే చదివినదాన్ని.
ఆ రాత్రి మాత్రం
నాకు ఒక్క అక్షరమూ రాలేదు.