చిటికెన వేలు

షార్జాలో, రోలా వెనక సందులో
టైపింగ్ సెంటరు. మూడో కుర్చీ నాది.
ఏసీ గాలి తొమ్మిదేళ్లుగా నా మెడ మీదే పడుతోంది.
వీసాలు, అద్దె కాగితాలు, పుట్టిన తేదీలు.
జగిత్యాలకు ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులున్నాయో
నన్నడగండి.

టోకెన్ ముప్పై ఎనిమిది.
చెమటకు మెత్తబడ్డ పాస్‌పోర్టు అట్ట.
కుంట భూమేశ్, మెట్‌పల్లి.
"స్కూల్ బస్సుల పనక్కా,
పిల్లల్ని ఎక్కించుడు, దించుడు.
మంచోన్నని పోలీసులు కాగితం ఇయ్యాల్నట."

మంచోడివని ఎవరూ రాసివ్వరు భూమేశ్,
చెడ్డ కనబడలేదని రాస్తారు, అంతే.
పైకి అనలేదు. ఫారం తెరిచాను.

ఏడో గడి: ఎప్పుడైనా శిక్ష పడిందా?
ఇక్కడికొచ్చేసరికి నా వేలు
దానంతటదే 'లేదు' మీదికి పోతుంది.
రోజుకి నలభైసార్లు లేదు, లేదు, లేదు,
తస్బీ పూసలు తిప్పినట్టు.

"ఆగక్కా. పడ్డది.
ఆరేండ్ల కింద. రెండు నెల్లు.
రాగి కేబులు, పదకొండు మీటర్లు.
తుక్కు దుకాణంల నూటెనభై దిర్హాములిచ్చిండు."
ఎందుకని నేనడగలేదు. అయినా చెప్పాడు.
"ఇంట్ల ఎవలకు రోగం లేకుండె.
అందరు తీసిండ్రు, నేను సుత తీసిన.
నేను దొరికిన."

పాతవి ఒక్కోసారి కనబడవంటారు,
ఒక్కోసారి పుట్టుమచ్చలా ఉండిపోతాయంటారు.
మా సెంటర్లో ఎవరికీ సరిగ్గా తెలీదు.
తెలిసినట్టు తలూపడం మాత్రం అందరికీ వచ్చు.

పక్క గదిలో వేలిముద్రల గాజు.
బొటనవేలు పెట్టాడు. ఎర్ర లైటు.
చూపుడు వేలు. ఎర్ర లైటు.
కడిగించాం, తుడిచాం, లోషను రాశాం,
ఒత్తు, అంత గట్టిగా కాదు, మెల్లగా.
పద్నాలుగేళ్ల సిమెంటు గీతలన్నీ తినేసింది,
అరిగిన సబ్బుబిళ్లల్లా ఉన్నాయి కొసలు.
మనిషే లేడంది మిషను.

"ఏళ్లు అరిగిపాయె గదక్కా,
గదీ అరిగినట్టేనా?"
వేళ్లన్నాడా, సంవత్సరాలన్నాడా,
మా రాయచోటి చెవికి తేడా తెలియలేదు.

చిటికెన వేలొకటి మిగిలింది.
తాపీ పట్టని వేలు, ఇటుక మొయ్యని వేలు,
బళ్లో ఒంటికి పోతానని
సారుకు ఎత్తి చూపించడానికి తప్ప
ఎందుకూ పనికిరాని వేలు.
గాజు మీద ఇలా పెట్టాడో లేదో,
పచ్చ లైటు.

అలిఫ్ బే అక్షరాలు చిన్నప్పుడు
మా వీధి బీబమ్మ బెత్తం పట్టి నేర్పింది,
పుణ్యం కోసం. అర్థాలు తర్వాత ఈ కుర్చీ నేర్పింది.
'హుక్మ్' అని ఒక మాట. పక్కన తేదీ.
దొంగతనం. అరవై రోజులు.
పదకొండు మీటర్లని లేదు.
అందరు తీసిండ్రని లేదు.
అయిపోయింది అనే గడి కోసం
పైనుంచి కిందికి, కుడినుంచి ఎడమకి వెతికాను.

"ఉన్నదా?"
"ఉంది."
"పేరు సక్కగ రాసిండ్రా?"
పాస్‌పోర్టులో ఒక అక్షరం ఎక్కువ,
లేబర్ కార్డులో ఒకటి తక్కువ.
తప్పు లేకుండా అతని పేరు
అక్కడొక్కచోటే చూశాను.

స్కూలు వాళ్లేమంటారో.
నాకూ రెండో తరగతి చదివే కూతురుంది.
రోజూ పొద్దున ఆరున్నరకి
ఎవరి చేతికో అందించి బస్సెక్కిస్తాను.
ఈ చేతికి అందిస్తానా?
కీబోర్డు సందుల్లో దుమ్ము ఊదాను, చాలాసేపు.

ఫీజు వద్దందామనుకున్నాను.
అప్పటికే నోట్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.
"రసీదియ్యక్కా."
పేరు, మొత్తం, కింద నీలం ముద్ర:
చెల్లించబడినది.
తడి ఆరేదాకా దాని మీద ఊది,
రెండు మడతలు పెట్టి, ఫోటో ఉన్న పేజీలో దాచుకున్నాడు.
"గప్పుడు గిసొంటిది ఇయ్యలేదు," అన్నాడు
తలుపు తోస్తూ, నాతో కాదు.

టోకెన్ ముప్పై తొమ్మిది.
పేరు, ఊరు, తండ్రి పేరు.
ఏడో గడి.
వేలు ఎత్తి పట్టుకుని
తొమ్మిదేళ్లలో మొదటిసారి
ఎదుటి మనిషి మొహం చూసి అడిగాను.