గేటు అవతల గేటు

హసావిలో మూడో అంతస్తు గది. శుక్రవారం.
బయట నలభై ఏడు డిగ్రీల ఎండ
గోడకు వీపానించి నిలబడినట్టుంది.
లోపల ప్లాస్టిక్ తొట్టిలో ఉప్పు నీళ్లు,
నీళ్లలో నా పాదాలు.

ఖాసింబీ వంగి లెక్కపెట్టింది:
ఎడమకాలికి మూడు బొబ్బలు, కుడికాలికి రెండు,
ఊడిపోవడానికి సిద్ధంగా నల్లబడిన బొటనవేలి గోరు.
"ఇంగ్లండుకు పొయ్యి తెచ్చుకున్నది ఇదా?"
"చాక్లెట్లు గూడా తెచ్చినా" అన్నాను.
అవి విమానం దిగినాక కరిగి
ఒకే ముద్దయినాయి.

మామా లులువాకు డెబ్బై రెండేళ్లు.
చదువుకునే రోజుల్లో నడిచిన బాటంట,
మోకాళ్లు పూర్తిగా మొండికేయకముందే
ఇంకోసారి నడవాలంది.
కొడుకులు వద్దన్నారు.
వద్దన్నవాళ్లను వద్దనుకుంది.
చేతికర్ర ఆమెది, సంచి నాది,
పదకొండు రోజులు, ఊర్నించి ఊరికి.

మొదటి రోజు నా వచ్చీరాని అరబీలో అడిగాను:
ఎక్కడికి మామా?
"అదిగో, ఆ గేటు దాకా."
అక్కడేముంది?
"అవతల ఇంకో గేటు."

నేనెప్పుడన్నా ఊరికే నడిచినానా?
బిందె కోసం నడిచాను. రేషను కోసం నడిచాను.
నిమ్మతోటలో కూలికి, చిట్వేలి బస్సు తప్పిపోతే ఇంటికి,
పాస్‌పోర్టు ఏజెంటు గడపకు ఏడుసార్లు.
ప్రతి నడకకూ ఆ కొసలో ఒక పని
గుంజకు కట్టేసిన గొడ్డులా ఎదురుచూసేది.
ఈ నడకకు గుంజ లేదు.
మూడు రోజుల దాకా నా చేతులు
ఏదో మర్చిపోయి వచ్చినట్టు
సంచీ తడుముతూనే ఉన్నాయి.

ఎవరిదో చేను, నడిమధ్యన బాట,
మోకాళ్లెత్తు పైరు.
"ఎవురే నువ్వు, చేలోబడి పోతాండావ్?" అని
ఒక్కరూ కేకేయలేదు.
ఒకాయన ట్రాక్టరు ఆపి చెయ్యెత్తాడు.
తిట్లు మొదలనుకుని మామా వెనక్కి జరిగాను.
పలకరింపంట అది.

"అక్కడంతా వానేనంట గదా?" అంది మేరీరత్నం
ఉల్లిపాయలు తరుగుతూ.
వానే. పడీ పడనట్టు,
అప్పు అడగడానికొచ్చి
వాకిట్లోనే నసుగుతూ నిలబడే మనిషిలాంటి వాన.

ఇంకొకటి చెప్పాలా వద్దా అని
కాసేపు నీళ్లు కదిలించాను.

ఎనిమిదో రోజు రాళ్లగోడ మీద కూచున్నాం.
ఆమె బూటు విప్పడానికి నేను వంగాను.
"ఆగు" అంది.
నా కాలు ఒళ్లోకి లాక్కుని, మేజోడు తీసి,
అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని
బొబ్బకు పట్టీ వేసింది, వంకరగా.
ఆమె ఇంట్లో పద్నాలుగేళ్లు తిరిగిన కాలు,
ఆమె చూడటం అదే మొదలు.
గొర్రె ఒకటి మమ్మల్ని చూస్తూ నెమరేసింది.
తర్వాత లేచి నడిచాం.
ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు ఇద్దరమూ.
కువైటులో దిగినాక సూట్‌కేసులు నేనే మోశాను.
రేపు అయిదింటికి గహ్వా పెట్టాలి.

ఖాసింబీ ఏమీ అనలేదు.
నా మేజోళ్లు ఉతకబోయి
దారాల్లో చిక్కుకున్న ముల్లుగింజ పీకింది.
"పల్లేరా?"
కాదు, అంత గుచ్చుకోదు. పేరు తెలీదు.
చెత్తబుట్టలో వేసింది.

రాత్రి తొమ్మిదికి ఎండ దిగింది, ఉక్క దిగలేదు.
తొట్టిలోంచి కాళ్లు తీసి తుడుచుకుని
చెప్పులు వెతుక్కున్నాను.
"నీళ్ల డబ్బా నిండుగానే ఉంది,
కుబ్బూస్ మేరీ తెచ్చింది. యాడికి?"
ఊరికే.
"ఊరికే అంటే?"
ఆ మూల కరెంటు స్తంభం దాకా.

ఖాసింబీ నా మొహం చూసింది, కాళ్లు చూసింది,
చున్నీ నెత్తిన వేసుకుంది.
లిఫ్టు పనిచేయదు.
మెట్లన్నీ దిగి వీధిలో పడ్డాం.
ఒక్క బొబ్బ కూడా లేని కాళ్లతో ఆమె
నాకంటే నెమ్మదిగా నడుస్తోంది,
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.