లక్ష్మీపురం విరగని చోటు

మొదటిదానికి నెలకి పదిహేడు వందలన్నారు.
నెలకా? అన్నాను.
గది అద్దెకి నెలుంటుంది, చిట్టీకి నెలుంటుంది,
గీత గీసుకోడానికి కూడా నెలుంటుందా!
గోడల మీద రాసిన ముప్పయ్యేళ్లలో
బ్రష్షు నన్నెప్పుడూ అద్దె అడగలేదు.
వెంట్రుకలు రాలేవి, అంతే.

ఫ్లెక్సు వచ్చి గోడల్ని మింగేశాక
శుభలేఖల వెనక దారిపటాలు గీస్తున్నాను,
అరండల్‌పేటలో, జానీబాషా ప్రెస్సు మెట్ల కింద.
కల్యాణమండపం, దానికెదురు పెట్రోలు బంకు.
బ్రాడీపేట, నాలుగు బై పద్నాలుగు
అంటే చాలు గుంటూరోడికి.
పెళ్లికొచ్చే ఒంగోలోళ్లకి బాణం గుర్తు కావాలి.

రెండోది పెన్‌డ్రైవులో వచ్చింది.
కాలేజీ కుర్రాడు వందకిచ్చాడు,
"తాళం పగలగొట్టేశాం అంకుల్" అని.
దొంగసొత్తు ఇంట్లో పెట్టుకున్నట్టు
నెట్టు వచ్చినప్పుడల్లా గుండెదడ.
పదకొండో రోజు చచ్చింది,
పోతూ పోతూ నలభైమూడు పటాలు పట్టుకుపోయింది.
అందులో మూడింటికి డబ్బులింకా రానేలేదు.

మూడోది ఊరికే.
ఊరికే వచ్చేదాన్ని గుంటూరు నమ్మదు,
శాంపిలు కారం కూడా నాలిక చివర పెట్టుకునే చూస్తుంది.
"ఏసోబూ, ఎవడికి లాభం?" అన్నాడు జానీబాషా.
ఎక్కడెక్కడివాళ్లో డ్యూటీలు దిగొచ్చి
రాత్రిళ్లు కూర్చుని చేస్తారట.
నాకూ అర్థం కాలేదు గానీ,
సున్నంలో నీలిమందు ఎంత కలపాలో చెప్పినందుకు
మా గురువు సైమను నా దగ్గర
టీ తప్ప ఏం తీసుకోలేదు.

నాకు తెలిసిన పరీక్ష ఒకటే:
లక్ష్మీపురం అని రాయి, చూద్దాం.

పదిహేడు వందలది, వారం రోజులు ఊరికే ఇచ్చినప్పుడు,
క, ష, మ
ఎవరి దారిన వాళ్లని పంపేసింది
వాటాలు పంచుకున్న అన్నదమ్ముల్లా.
దొంగది దీర్ఘాన్ని ఊడబెరికి
దిక్కులేని చుక్కల సున్నా నెత్తిన పెట్టింది.
ఊరికేది కాస్త తడబడింది.
లాప్‌టాప్ ముసలిది, లోపలి ఫ్యాను మొత్తుకుంటోంది.
తడబడి తడబడి, క్ష కింద మ ఒత్తు
బుద్ధిగా ఒదిగింది.
లక్ష్మి నిలబడింది, డబ్బడగని ఇంట్లో.

లోపాల్లేవని కాదు.
తెర మీద ఎరుపు, కాగితం మీద ఇటికరాయి.
సర్దుకున్నాను. ఎండకి వెలిసే రంగులతో బతికినవాణ్ణి.

దాంట్లో పొరలుంటాయి.
రోడ్లొక పొర, పేర్లొక పొర,
ప్రతి పొర పక్కనా ఒక కన్ను.
నొక్కితే మూసుకుంటుంది.
బ్రిడ్జి పనులు మొదలయ్యాక
శంకర్‌విలాస్ బ్రిడ్జికి కన్ను మూశాను,
చెరపలేదు.
దాని మీద డబ్బాలు తగిలించుకుని
సైకిలు తొక్కినవాడొకడున్నాడు.

అట్టడుగున ఇంకో పొర, మా సందు.
ఏ శుభలేఖకీ అక్కర్లేనిది.
చేతిపంపు, మిరప తొడిమలు తీసే ఆడవాళ్ల గోనెపట్టాలు,
దీనమ్మ కుట్టుమిషను.
పని లేనప్పుడు గీశాను. ఎవరూ అడగలా.

మొన్న దీనమ్మే వచ్చింది.
జాకెట్లు కుడతానని కరపత్రం వేస్తదంట.
"దారి కూడా పెట్టన్నా, మన సందు ఎవరికీ దొరకట్లా."
కన్ను తెరిచాను.
తెర దగ్గరికి వంగి చూసి
"పంపు ఎడం పక్కన కదా" అంది.

నిజమే.
ఇన్నేళ్లు నీళ్లు మోసి కుడివైపు గీశాను.
వెనక్కి, వెనక్కి, ఇంకొంచెం వెనక్కి అని నొక్కాను.
గోడైతే మళ్లీ సున్నం కొట్టాల్సొచ్చేది.

దాచబోతే
పేరేమిటని అడిగింది.
మా సందుకి పేరు లేదు.
దీనమ్మ వైపు చూశాను.
ఆమె వేళ్ల మీద లెక్కేసుకుంటోంది,
వెయ్యి కాగితాలకి ఎంతవుద్దో.